మైనస్ పవర్ తగ్గిందని సంబరపడ్డాం, చూస్తే కంటి వెనక గడ్డట. ఆపరేషన్ ఇప్పుడే చేయించుకోవాలా?

లెక్కల_టీచరమ్మ
నాకు 41. కాకినాడ దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్తాను. టెన్త్ నుంచీ రెండు కళ్ళకీ మైనస్ 1.50, ఇరవై ఐదేళ్ళుగా ఎక్కడా కదల్లేదు. పోయిన వేసవిలో ఫ్రేము విరిగి కొత్త అద్దాలకి వెళ్తే ఎడమ కంటికి మైనస్ 0.50 చాలన్నాడు షాపులో కుర్రాడు. "మేడం, మీకు సైట్ తగ్గిపోతోంది, ఇంకో ఏడాదికి అద్దాలే వద్దు" అని నవ్వాడు కూడా. మా ఆయన అదంతా తను తెచ్చే క్యారెట్ల మహిమేనని తీర్మానించేశారు. సంక్రాంతికల్లా అదే కన్ను ప్లస్ 0.75 అయి కూర్చుంది. కుడిది మాత్రం ఎప్పటిలాగే మైనస్ 1.50.

ఆ తర్వాత ఒకరోజు గ్రాఫ్ పేపర్లు దిద్దుతుంటే కుడి కంట్లో నలుసు పడి మూసుకున్నాను. ఎడమ కంటితో చూస్తే గళ్ళ గీతలు వంగి కనిపించాయి, తడిసి ఆరిన కాగితం మీద గీసినట్టు. మా చెల్లి ఏదో పెళ్ళి ఫోటో చూసి "నీ ఎడమ కన్ను పెద్దగా ఉందేంటే" అంది. ఊళ్ళో థైరాయిడ్ అన్నారు, మూడుసార్లు రక్తం ఇచ్చాను, మూడుసార్లూ నార్మల్. చివరికి ఎమ్మారై తీస్తే రిపోర్టులో ఎడమ కంటి గుంటలో, ఇంట్రాకోనల్, 22 x 19 మి.మీ., కావర్నస్ హెమాంజియోమా (రక్తనాళాల గడ్డ) కావచ్చు అని రాశారు.

ఒక డాక్టరు క్యాన్సర్ కాదు, తొందర లేదు, ఆర్నెల్ల తర్వాత రండి అన్నారు. ఇంకొకరు నరం మీద ఒత్తిడి మొదలైంది, వేసవి సెలవుల దాకా కూడా ఆగొద్దు, కణత దగ్గర ఎముక తెరిచి తీయాలి అన్నారు. ఎముక అన్న మాట విన్నప్పటి నుంచి నిద్ర లేదు. చేయించుకున్నవాళ్ళున్నారా? చేయించుకోకుండా ఆగినవాళ్ళున్నారా?

మిర్చిబజ్జి_మామ
క్యారెట్లు తెచ్చినాయన ఇప్పుడేమంటున్నారు?

లెక్కల_టీచరమ్మ
మునగాకుకి మారారు.

చాపకింద_నీరు
ఆగినవాణ్ణి నేనున్నాను. 2018లో సైనస్ కోసం సీటీ తీస్తే ఎవరూ వెతకని గడ్డ దొరికింది, కుడి కంటి వెనక 11 మి.మీ. చూపు 6/6, ఫీల్డ్ టెస్ట్ (కన్ను కదపకుండా చుట్టూ ఎంత మేర కనిపిస్తుందో చూసే పరీక్ష) బాగుంది, కన్ను ముందుకి రాలేదు. డాక్టరు దాన్ని వదిలెయ్యమన్నారు. ఏడాదికోసారి స్కాన్, ఆరు నెలలకోసారి ఫీల్డ్ టెస్ట్. ఇప్పుడు 12 మి.మీ. అంతే. ఇంట్లోవాళ్ళు కోయించెయ్, కోయించెయ్ అని రెండేళ్ళు నా బుర్ర తిన్నారు, తర్వాత వాళ్ళే మర్చిపోయారు. మీ మొదటి డాక్టరు మాట వినండి. కన్ను వెనక కత్తి పెట్టడం చిన్న విషయం కాదు.

ఓరుగల్లు_వాడు
పైన అన్న చెప్పింది ఆయన గడ్డకి సరిపోతది. మా అమ్మకి సరిపోలేదు. ఆమెది కూడా ఇదే, 'క్యాన్సర్ కాదు' అనే మాట పట్టుకుని మూడేళ్ళు తిప్పినం. మధ్యలో హోమియో గోలీలు. అమ్మ ఒకరోజు పెట్టె తెరిచి ఎర్ర పట్టుచీర తీసి, "ఇది గింత ఇటుక రంగుకి వచ్చిందేంది" అన్నది. చీర బాగానే ఉంది. కుడి కన్ను మూస్తే ఎరుపు పాలిపోయి కనబడుతుండె. అప్పుడు పరుగెత్తినం. గడ్డ మొత్తం వచ్చింది, ముందుకొచ్చిన కన్ను లోపలికి పోయింది, కానీ పోయిన చూపులో సగమే తిరిగొచ్చింది. కింది వైపు ఇప్పటికీ నీడ. మెట్లు దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుంటది.

చాపకింద_నీరు
అయ్యో. నాది చిన్నది కాబట్టి ధైర్యంగా మాట్లాడాను, ఒప్పుకుంటాను.

పీజీ_పడిగాపులు
ఆప్తాల్మాలజీ (కంటి వైద్యం) పీజీని. మీ స్కాన్ నేను చూడలేదు, కాబట్టి ఇది సలహా కాదు, సమాచారం. మీ డాక్టర్లిద్దరూ వేర్వేరు ప్రశ్నలకి జవాబు చెప్పారనిపిస్తోంది. ఒకరు ప్రాణానికి ఏమైనా అవుతుందా అన్నదానికి. రెండోవారు ఈ కన్ను ఏమవుతుంది అన్నదానికి.

కంటి గుంటని పల్లీల పొట్లం అనుకోండి. ముందు వెడల్పు, వెనక మొన. చుట్టూ ఎముక. మొత్తం కలిపి 30 మి.లీ. పట్టే చోటు, అందులో కనుగుడ్డుది 7 మి.లీ. దాకా, మిగతాది కొవ్వు, కండరాలు, రక్తనాళాలు. పొట్లం మొనలోంచి కంటి నరం మెదడుకి వెళ్తుంది. ఇంట్రాకోనల్ అంటే కండరాల మధ్య ఉన్న కోను లోపల, నరం పక్కన. అక్కడ గడ్డ పెరిగితే ఎముక జరగదు కాబట్టి కన్నే ముందుకి జరగాలి. నొప్పి ఉండదు, ఏళ్ళ తరబడి మెల్లగా జరుగుతుంది, అందుకే ఇంట్లో రోజూ చూసేవాళ్ళు కనిపెట్టరు, పెళ్ళిలో కలిసిన చెల్లెలు కనిపెడుతుంది.

పవర్ మారిందన్నారే, అది కూడా దీని పనే. గడ్డ గుడ్డుని వెనక నుంచి నొక్కి చపటా చేస్తుంది. గుడ్డు పొడవు సుమారు 24 మి.మీ., ఒక్క మి.మీ. కుదించుకుపోయినా రెండున్నర మూడు పవర్లు ప్లస్ వైపు జరుగుతుంది. గీతలు వంగినట్టు కనిపించడం లోపలి పొర ముడతలు పడడం వల్ల కావచ్చు, కొరాయిడల్ ఫోల్డ్స్ అంటాం. చిన్నగా ఉండి ఏ ఇబ్బందీ లేకపోతే ఆగడమే పద్ధతి, చాపకింద_నీరు గారికి చేసింది సరైనదే. మీ కేసులో ఫీల్డ్ టెస్ట్ చేశారా? రంగుల పరీక్ష? టార్చ్ వేసి కంటిపాప రియాక్షన్ చూశారా? ఈ మూడూ లేకుండా ఆర్నెల్లు ఆగమంటే నేనైతే ఆగను.

లెక్కల_టీచరమ్మ
మైనస్ 1.50 నుంచి ప్లస్ 0.75 అంటే 2.25 తేడా. మీ లెక్కన నా కన్ను 0.8 మి.మీ. దాకా నొక్కుకుపోయింది. ముందే ఎవరైనా ఇలా చెప్పి ఉంటే నాకు అర్థమయ్యేది, "ఏం లేదమ్మా, చిన్న గడ్డ" అంటే ఏం తెలుస్తుంది?

ఫీల్డ్ టెస్ట్ మొదటి చోట చేయలేదు. రెండో చోట రాశారు, మిషను పాడైందని ఇంకా చేయలేదు.

డొక్కు_స్కూటర్
చేయించుకున్నవాణ్ణి. 2019, కుడి కన్ను. నాకు బయటపడిన తీరు వినండి. బండి మీద వెళ్తుంటే ఎడమ కంట్లో పురుగు పడింది, అది మూసుకుని కుడి వైపు అద్దంలోకి చూశా. మొత్తం చీకటి. భయపడి ఎదురుగా చూస్తే వెలుగొచ్చింది. మళ్ళీ అద్దం వైపు కళ్ళు తిప్పితే మళ్ళీ చీకటి. బల్బు హోల్డర్ లూజుగా ఉన్నట్టు. రెండు కళ్ళూ తెరిచి ఉంటే ఏమీ తెలియదు, అదే దీని దొంగతనం.

పీజీ_పడిగాపులు
ఒక దిక్కుకి చూసినప్పుడు మాత్రమే చూపు ఆరిపోవడం. కన్ను తిరిగినప్పుడు గడ్డ నరాన్ని గానీ రక్త సరఫరాని గానీ నొక్కుతుంది. పరీక్షల్లో మాకు ఇష్టమైన ప్రశ్న, పేషెంట్ నోట ఇంత బాగా ఎప్పుడూ వినలేదు.

చిట్టితల్లి_అమ్మ
కోయించుకోకండి! మా పాపకి కూడా కంటి దగ్గర హెమాంజియోమానే. పుట్టిన మూడో వారంలో పై రెప్ప మీద ఎర్రగా చిన్న చుక్క, రెండు నెలలకి చిన్న టమాటా అంత. మా అత్తగారు గ్రహణం రోజు బయటికి వెళ్ళావు కదా అని ఇప్పటికీ అంటారు. రెప్ప బరువుకి కన్ను మూసుకుపోతుంటే డాక్టరు ఒక సిరప్ రాశారు, ప్రొప్రనలాల్. పేరు వెతికితే ముసలివాళ్ళ బీపీ మందు! ఏడ్చేశాను. కానీ వారానికే ఎరుపు తగ్గి ఊదా రంగుకి తిరిగింది, మెత్తబడింది, ఏడాది వయసుకి దాదాపు పోయింది. కత్తి లేదు, కుట్టు లేదు. మీరు కూడా ఆ సిరప్ గురించి అడగండి.

డాలస్_డప్పు
ప్రొప్రనలాల్ పెద్దవాళ్ళకి టాబ్లెట్ దొరుకుతుంది కదా, ట్రై చేస్తే పోయేదేముంది?

పీజీ_పడిగాపులు
పోయేది టైము, ఆ టైములో నరం. ఇద్దరూ కాస్త ఆగండి.

పేరు ఒకటే, జబ్బులు రెండు. పాపకి వచ్చింది పసిపిల్లల హెమాంజియోమా. అందులో రక్తనాళాల కణాలు నిజంగానే గబగబా పెరుగుతాయి, మొదటి ఐదారు నెలల్లో ఎక్కువ, ఏడాది తర్వాత దానంతటదే తగ్గడం మొదలవుతుంది. ఆ పెరుగుదల మీద ప్రొప్రనలాల్ పని చేస్తుంది. ఇది తెలిసింది కూడా అనుకోకుండానే. ఫ్రాన్స్‌లో బోర్డో ఊళ్ళో ఒక పిల్లాడికి గుండె ఇబ్బందికి ఈ మందు ఇస్తే మర్నాటికే ముక్కు మీది హెమాంజియోమా రంగు మారింది. 2008లో ఆ డాక్టర్లు రాశారు, 2014లో అమెరికాలో పిల్లల కోసం ప్రత్యేకంగా అనుమతి వచ్చింది.

టీచరమ్మ గారిది పెద్దవాళ్ళలో వచ్చేది, ఆడవాళ్ళలో కొంచెం ఎక్కువ. అందులో గబగబా పెరిగే కణాలేమీ లేవు, నిదానంగా రక్తం నిండి ఉండే సిరల గదులు, చుట్టూ ఒక తొడుగు. ఇది కణితే కాదు, కావర్నస్ వీనస్ మాల్ఫార్మేషన్ అనాలని ఇప్పుడు వర్గీకరణలో పేరే మార్చారు, అయినా రిపోర్టుల్లో పాత పేరే రాస్తున్నారు. సిరప్ తాగినా టాబ్లెట్ మింగినా ఇది తగ్గదు.

చిట్టితల్లి_అమ్మ
అయ్యో నాకు తెలియదు, సారీ టీచర్ గారూ. నేను ఆ పేరు చూసి ఆగలేకపోయాను.

పసిపిల్లల తల్లులు ఎవరైనా చదువుతుంటే ఒక్క మాట. ఆ సిరప్ సొంతంగా కొని పోసేది కాదు. బరువుని బట్టి డోసు, మెల్లగా పెంచుతారు. పాలు తాగాకే పోయాలి. మా పాపకి ఒకసారి వాంతులు, పాలు ముట్టలేదు, అయినా టైము అయిందని పోయబోయాను. ఫోన్ చేస్తే డాక్టరు గట్టిగా కేకలేశారు, పిల్ల తాగకుండా మందు వేస్తే షుగర్ పడిపోతుందని. పిల్లికూతలు ఉన్న పిల్లలకి కూడా జాగ్రత్త అన్నారు. గడ్డ తగ్గాక కూడా మంచి కంటికి రోజూ రెండు గంటలు ప్యాచ్ వేశాం, లేకపోతే రెప్ప కింద ఉండిపోయిన కన్ను బద్ధకిస్తుందట. ఆ ప్యాచ్ పీకేసే యుద్ధంతో పోలిస్తే సిరప్ ఏమీ కాదు.

పాతకాపు_1962
మీ పాప అదృష్టవంతురాలమ్మా. మా అబ్బాయికి 1990లలో ఇదే వస్తే నోటి స్టెరాయిడ్. మొహం పూర్ణం బూరెలా ఉబ్బింది, రాత్రంతా ఏడుపు, ఎత్తు పెరగడం ఆగింది. గడ్డ తగ్గింది. కానీ ఆ కంటికి ఆస్టిగ్మాటిజం (కంటి వంపులో తేడాతో వచ్చే మసక) ఉండిపోయింది, ప్యాచ్ గురించి మాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు వాడికి ముప్పై దాటాయి, ఆ కన్ను పేరుకే.

ఆకుపసరు_వైద్యం
కంటి గడ్డలకి ఆపరేషన్ అక్కర్లేదు. 21 రోజులు మా పసరు రెండు చుక్కలు, పథ్యం. గడ్డ నీరై కారిపోవును. ప్రొఫైల్‌లో నంబరు చూడుడు.

మిర్చిబజ్జి_మామ
గడ్డ కంటి వెనక ఉంటే చుక్కలు ముందు వేస్తే ఎలా చేరుతాయి స్వామీ? గూగుల్ మ్యాప్ పెట్టుకుని వెళ్తాయా?

మోడరేటర్
ఆ నంబరు తీసేశాం. మళ్ళీ ప్రకటన పెడితే ఖాతా ఉండదు. మామా, మీరూ రెచ్చగొట్టకండి.

సీతమ్మధార_సిన్నోడు
నాది ఇంకో రకం. వంగి షూ లేసు కట్టుకుంటే ఎడమ కన్ను బయటికి వస్తుంది, నిలబడితే లోపలికి వెళ్ళిపోతుంది. గట్టిగా తుమ్మినా అంతే. కాలేజీలో ఇది చేసి చూపించి సమోసాలు సంపాదించాను. ఆర్బిటల్ వేరిక్స్ అంట, కాళ్ళలో వచ్చే వేరికోస్ వెయిన్స్‌కి కంటి తమ్ముడు. నొప్పి లేదు, చూపు బాగుంది, ముట్టుకోవద్దన్నారు. బరువులెత్తడం, శీర్షాసనం మానెయ్యమన్నారు. రెండోది ఎప్పుడూ చేయలేదు కాబట్టి కష్టమేమీ కాలేదు.

నెల్లూరు_చేపలపులుసు
మా అక్క కొడుక్కి జలుబు చేసినప్పుడల్లా కన్ను ఉబ్బేది. ఒక రాత్రి నల్లగా కమిలి బయటికి వచ్చేసింది, ఎవరో కొట్టారనుకున్నారు. లింఫాంజియోమా, లోపలి సంచుల్లో రక్తం కారిందట. వాడికి కత్తి పెట్టలేదు, సూదితో రక్తం లాగి బ్లియోమైసిన్ అనే మందు ఎక్కించారు. తొడుగు లేకుండా అన్నింటిలోకీ అల్లుకుని ఉంటుంది కాబట్టి మొత్తం తీయడం కుదరదన్నారు.

డాలస్_డప్పు
సరే సిరప్ తప్పు. గామా నైఫ్ ఉంది కదా? కోత లేదు, రక్తం లేదు, సాయంత్రం ఇంటికి. ఎముక ఎందుకు తెరవాలి ఈ కాలంలో?

పీజీ_పడిగాపులు
పేరులో నైఫ్ ఉన్నా అది రేడియేషన్. గడ్డని మాయం చేయదు, నెలల తరబడి మెల్లగా కుదిస్తుంది. పల్లీల పొట్లం మొనలో, నరానికి అతుక్కుని ఇరుక్కున్న గడ్డలకి, కత్తి పెడితే చూపు పోయే ప్రమాదం ఎక్కువ అనుకున్నప్పుడు దాని గురించి ఆలోచిస్తారు. నరానికి కూడా రేడియేషన్ తగులుతుంది కదా, అందుకే డోసు విడతలుగా ఇస్తారు. మధ్యలో, చేతికి అందే చోట, తొడుగుతో ఉన్న గడ్డని చక్కగా బయటికి తీసే వీలుంటే తీయడమే మేలు. పూర్తిగా వస్తే మళ్ళీ రావడం చాలా అరుదు.

ఫిల్ములు_చూసేవాణ్ణి
ఎమ్మారై టెక్నీషియన్‌ని. టీచరమ్మ గారి రిపోర్టులో కాంట్రాస్ట్ గురించి ఏం రాశారు? రంగు మందు ఎక్కించగానే ఇది ఒక్కసారి వెలగదు. ఒక మూల చిన్న చుక్క, కొన్ని నిమిషాలకి ఇంకొంచెం, ఆలస్యంగా తీసిన ఫిల్ముల్లో మొత్తం నిండుతుంది. దీపావళి ప్రమిదలు ఒక్కోటీ వెలిగించినట్టు. బయాప్సీ లేకుండానే పేరు చెప్పగలిగేది అందుకే. కాంట్రాస్ట్ లేకుండా చవకగా తీయించుకుంటే మళ్ళీ తీయాల్సొస్తుంది, డబ్బు రెండుసార్లు.

లెక్కల_టీచరమ్మ
"ప్రోగ్రెసివ్ ఫిల్లింగ్" అని ఉంది. అదేదో జబ్బు ముదురుతోందని అర్థం చేసుకుని రెండు రోజులు అన్నం తినలేదు. మీరు ఇప్పుడు చెప్పారు.

ఓరుగల్లు_వాడు
టీచరమ్మ గారూ, ఎర్ర మూత ఏదైనా తీసుకుని ఒక్కో కన్ను మూసి చూడండి. మా అమ్మకి డాక్టర్ అట్లనే చూసిండు.

లెక్కల_టీచరమ్మ
చూశాను. కుడి కంటికి నిప్పులా ఉంది. ఎడమ కంటికి ఉతికి ఉతికి వెలిసిన రవికలా.

పీజీ_పడిగాపులు
ఇది ఇంటి పరీక్ష, దీంతో నిర్ణయాలు వద్దు. కానీ ఈ వారమే ఫీల్డ్ టెస్ట్ చేయించుకోండి. ఆక్యులోప్లాస్టీ, ఆర్బిట్ అని, అంటే రెప్పలకీ కంటి గుంటకీ, విడిగా డిపార్ట్‌మెంట్ ఉన్నచోటికి వెళ్ళండి, రోజూ కాటరాక్ట్ చేసేవారు కాదు. మీకు వైజాగ్ దగ్గర, ఎల్‌వీ ప్రసాద్ వాళ్ళది అక్కడ ఉంది, విజయవాడలోనూ ఉంది. పాత ఫోటోలు తీసుకెళ్ళండి, పెళ్ళివీ, ఆధార్‌వీ, అన్నీ. కన్ను ఎప్పటి నుంచి ముందుకొస్తోందో వాటిలో తెలుస్తుంది.

లెక్కల_టీచరమ్మ
పది రోజుల తర్వాత రాస్తున్నాను. వెళ్ళాం. ఫోటోలన్నీ టేబుల్ మీద పరిచి ఆవిడ, అంటే డాక్టరు గారు, స్కేలు పెట్టి చూశారు. 2016 గృహప్రవేశం ఫోటోలో రెండూ సమానం. 2020లో మాస్కు పెట్టుకున్న ఫోటోలో, మొహం అంతా కప్పి కళ్ళే కనిపిస్తున్నాయి కదా, అందులో తేడా స్పష్టం. నాలుగేళ్ళు అందరం దాన్ని ఫ్రిజ్ మీద అంటించుకుని చూస్తూనే ఉన్నాం!

కన్ను ఎంత ముందుకొచ్చిందో కొలిచే పనిముట్టు ఒకటి ఉంది, రెండు కణతలకీ ఆనించి చూస్తారు. కుడి 17, ఎడమ 22. రెండు మి.మీ. దాటితే తేడా కిందే లెక్కట. ఫీల్డ్ టెస్ట్‌లో ముక్కు వైపు కింద నల్లగా ఒక మూల. లోపల ముడతలు ఉన్నాయి. టార్చ్ వేసినప్పుడు ఎడమ కంటిపాప కొంచెం మందం. తీయాల్సిందే అన్నారు. గడ్డ నరానికి బయటి వైపు ఉంది కాబట్టి కణత వైపు నుంచి, ముక్కు వైపు ఉండి ఉంటే ముక్కులోంచి ఎండోస్కోప్‌తో కూడా ఆలోచించేవాళ్ళమన్నారు. నేను ఎక్కువ భయపడింది ఒక కాగితం దగ్గర. సంతకం పెట్టేటప్పుడు చదివితే చూపు పోవచ్చు, రెండుగా కనిపించవచ్చు, రెప్ప వాలిపోవచ్చు, కంటిపాప పెద్దదై ఉండిపోవచ్చు. చూపు కోసం వెళ్ళి చూపు పోవచ్చని సంతకం. మా ఆయన పెన్ను పట్టుకుని నాకంటే ముందు చెమట పట్టారు.

డొక్కు_స్కూటర్
ఆ కాగితం అందరికీ ఇస్తారు, నిజం కూడా, కాబట్టి తేలిగ్గా తీసిపారెయ్యను. నాకు జరిగింది చెప్తా. కన్ను బయటి మూల దగ్గర నవ్వితే గీతలు పడతాయే, ఆ గీత వెంట కోత. ఎముకలో కిటికీ రెక్క అంత ముక్క తీసి పక్కన పెట్టి, పని అయ్యాక మళ్ళీ పెట్టి చిన్న ప్లేటు, మేకులు బిగించారు. ఎయిర్‌పోర్టులో ఇప్పటిదాకా కూయలేదు. ఈ దారి కొత్తదేం కాదు, క్రోన్‌లైన్ అనే స్విట్జర్లాండ్ సర్జన్ 1880లలోనే చెప్పాడని మా డాక్టరు అన్నారు, ఇప్పుడు చాలా కేసుల్లో ఎముక ముట్టకుండా రెప్ప లోపలి నుంచే తీసేస్తున్నారు కూడా. గడ్డని పట్టకారుతో పట్టుకుంటే చిరుగుతుందని క్రయో ప్రోబ్ అంటిస్తారు. డీప్ ఫ్రిజ్ ఐస్ ట్రేకి తడి వేలు అంటుకుంటుంది చూడండి, అదే పద్ధతి. అంటుకోగానే మెల్లగా అటూ ఇటూ ఆడిస్తూ లాగుతారు.

మొదటి రాత్రి గంట గంటకీ లేపి రెప్ప ఎత్తి ఎన్ని వేళ్ళు అని అడుగుతారు. విసుక్కోకండి. లోపల రక్తం చేరి నరం నొక్కుకుంటే కొద్ది గంటల్లోనే చూపు పోతుంది, అందుకే. ఎక్కువ నొప్పి, చూపు మసక అనిపిస్తే వెంటనే అరవండి, సిస్టర్ ఏమనుకుంటుందో అని ఆగొద్దు. నాకు ఆరు వారాలు రెండు రెండుగా కనిపించింది. మా ఆవిడ ఇద్దరు కనిపించారంటే మా బావమరిది ఇంకా ఏడిపిస్తాడు. కణత దగ్గర చిన్న చోటు ఇప్పటికీ మొద్దుబారి ఉంది.

మిర్చిబజ్జి_మామ
ఇద్దరు ఆవిడలా? ఆ ఆరు వారాలు నీ పర్సు ఎలా తట్టుకుందయ్యా?

గోదారి_గట్టు
ప్రభుత్వ టీచరైతే ఈహెచ్‌ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డు వర్తిస్తుందేమో ముందే హాస్పిటల్ డెస్క్‌లో ప్రొసీజర్ పేరు రాసి చూపించి అడగండి. "కంటి ఆపరేషన్" అంటే వాళ్ళు కాటరాక్ట్ అనుకుని వేరే కౌంటర్‌కి పంపిస్తారు, మా నాన్నకి అదే అయింది. హైదరాబాద్ అయితే మెహిదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆస్పత్రి కూడా ఉంది.

పచ్చిమామిడి
టాపిక్ మధ్యలో దూరుతున్నా. నాకూ ఇలాంటిదే చిన్నది ఉంది, 9 మి.మీ. పిల్లల కోసం చూస్తున్నాం. ప్రెగ్నెన్సీలో పెరుగుతుందా?

పీజీ_పడిగాపులు
కొందరిలో ఆ నెలల్లో వేగంగా పెరుగుతుంది, అందరిలో కాదు. ముందుగా ఒక ఫీల్డ్ టెస్ట్, స్కాన్ తీసి పెట్టుకోండి, తర్వాత పోల్చడానికి. గైనకాలజిస్ట్‌కి కూడా చెప్పండి. భయపడి ప్లాన్ మానేయాల్సినంత కాదు.

లెక్కల_టీచరమ్మ
ఆపరేషన్ అయి ఐదు వారాలు. ఇన్నాళ్ళు రాయనందుకు తిట్టకండి, స్క్రీన్ చూస్తే రెండు కనిపించేవి.

రెండున్నర గంటలు పట్టింది. గడ్డ పెద్దదని లోపలే సూదితో కొంచెం రక్తం లాగి చిన్నది చేసి తీశారట. మా ఆయనకి బయట ట్రేలో చూపించారు, ఫోటో తీసుకొచ్చారు. అచ్చం నేరేడుపండు. ఆ రంగు, ఆ నిగనిగ, కొంచెం నొక్కుకుపోయిన చోటు కూడా. పాథాలజీ రిపోర్టు వాళ్ళు అనుకున్నదే వచ్చింది.

మొదటి రెండు రోజులు కన్ను తెరుచుకోలేదు, మొహం సగం గుమ్మడికాయ. మూడో రోజు రెప్ప ఎత్తి చూస్తే ఎదురుగా గోడ మీది క్యాలెండర్‌లో తేదీల గళ్ళు. తిన్నగా లేవు గానీ ముందున్నంత వంకరా లేవు. ముడతలు పోవడానికి నెలలు పడుతుందట, కొన్ని ఉండిపోవచ్చు. ఎర్ర మూత ఇంకా కొంచెం వెలిసినట్టే ఉంది కానీ పాత రవిక నుంచి కాస్త కొత్త రవిక దాకా వచ్చాం. కిందికి చూస్తే రెండు, అందుకని మెట్లు దిగేటప్పుడు ఒక కన్ను మూసుకుంటున్నాను. కంటిపాప ఇంకా పెద్దదిగానే ఉంది, ఎండలోకి వెళ్తే నల్లద్దాలు, పిల్లలు "మేడం హీరోయిన్" అంటున్నారు.

పవర్ మళ్ళీ మైనస్ 1.00కి వచ్చింది. జీవితంలో మొదటిసారి మైనస్ పెరిగితే స్వీట్లు పంచాను.

ఓరుగల్లు_వాడు
అమ్మకి చదివి వినిపించిన. నేరేడుపండు అంటే నవ్వింది, తనది డాక్టర్ చూపించలేదని ఇప్పుడు అలిగింది.

చాపకింద_నీరు
నా ఫీల్డ్ టెస్ట్ వచ్చే నెల ఉంది. వాయిదా వేద్దామనుకున్నాను, వేయను.

మిర్చిబజ్జి_మామ
మునగాకు సంగతేంటి?

లెక్కల_టీచరమ్మ
ఆపరేషన్ సక్సెస్ దానివల్లేనని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తున్నారు.

రాత్రిబస్సు_డ్రైవరు
ఈ చర్చ మొత్తం ఇప్పుడే చదివాను. పోయిన నెల నాకు కుడి కంటికి మైనస్ 2 నుంచి మైనస్ 1 అయింది, ఎడమది మారలేదు. షాపులో షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఇది కూడా అదేనా?

పీజీ_పడిగాపులు
ఒక్కసారి కొలిచింది నమ్మకండి, షాపు కొలతలో తేడా రావచ్చు, షుగర్ ఎక్కువ తక్కువలకి కూడా పవర్ ఊగుతుంది, అయితే అప్పుడు సాధారణంగా రెండు కళ్ళూ మారతాయి. చుక్కల మందు వేసి, లోపల చూసే డాక్టరు దగ్గరే మళ్ళీ కొలిపించండి. పాత అద్దాల చీటీలు ఉన్నాయా?

రాత్రిబస్సు_డ్రైవరు
బీరువాలో ఉండాలి. షుగర్ ఉంది, ఆర్నెల్లుగా టెస్ట్ చేయించలేదు.

లెక్కల_టీచరమ్మ
చీటీలు తీయండి. ఆ షేక్‌హ్యాండ్ కూడా తిరిగిచ్చేయండి.